కాలవ గట్టు మీద.. లీటరుకి ముప్ఫై!

హైబ్రిడ్ కారు కొన్నవాళ్లలో చాలామంది హైవే ఎక్కగానే మైలేజీ పడిపోతోందని నిట్టూరుస్తుంటారు. అదే కారు గోదావరి డెల్టాలోకి దిగితే లెక్క మారిపోతుంది. హైదరాబాద్ నుంచి అంతర్వేది దాకా, పెట్రోలు లెక్కలు రాసుకుంటూ సాగిన సంక్రాంతి ప్రయాణమిది.

కారు కొన్నామని చెబితే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏంటి? రంగు కాదు, ధర కూడా కాదు. 'లీటరుకి ఎంతిస్తుంది?' అనే. షోరూములో ఒక అంకె చెబుతారు. కొన్న నెల రోజులకి మన నోటితో మనమే ఇంకో అంకె చెబుతాం. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఎక్కడికి పోతున్నట్టు?

మా బావమరిది కొన్న హైబ్రిడ్ కారుదీ అదే కథ. 1500 సీసీ ఇంజిన్, పక్కన కరెంటు మోటారు. కాగితం మీద మైలేజీ దాదాపు 28. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆఫీసుకీ ఇంటికీ తిరిగితే 23, 24 వస్తోంది. అవుటర్ రింగ్‌రోడ్డు ఎక్కితే 18కి దిగిపోతోంది. 'ఏ కారైనా హైవే మీదే కదా బావా ఎక్కువిచ్చేది? ఇదేంటి, అంతా తిరగేసినట్టుంది?' అని వాడి సందేహం.

సంక్రాంతికి ఎలాగూ అంతర్వేది దగ్గర మా అత్తయ్య పుట్టింటికి వెళ్లాలి. పోనూ రానూ వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఆ సందేహమేదో దారిలోనే తేల్చుకుందాం అనుకున్నాం. ఎల్బీనగర్‌లో ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించి, ఓ నోటుపుస్తకం, పెన్నూ డాష్‌బోర్డు మీద పెట్టుకుని భోగికి ముందురోజు తెల్లవారుజామున బయల్దేరాం. స్టీరింగ్ దగ్గర బావమరిది. పక్కన నేను. వెనక అత్తయ్య, మా ఆవిడ, పాప. రాసే పని పాపది.

బ్రేకు తొక్కితే కరెంటు!

హైబ్రిడ్ అంటే ఏంటో ముందు కాస్త చెప్పుకోవాలి. ఇందులో పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు, ఓ చిన్న బ్యాటరీ ఉంటాయి. మామూలు హైబ్రిడ్‌కి ప్లగ్గు ఉండదు, రాత్రిళ్లు చార్జింగ్ పెట్టే పనీ లేదు. మరి బ్యాటరీ ఎలా నిండుతుంది?

పాత సైకిలు డైనమో గుర్తుందా? దాన్ని టైరుకి ఆనిస్తే లైటు వెలిగేది, తొక్కడం మాత్రం బరువయ్యేది. ఇక్కడా అంతే. బ్రేకు మీద మెల్లగా కాలు పెట్టగానే మోటారు డైనమోగా మారిపోతుంది. చక్రాల్ని నెమ్మదింపజేస్తూ కరెంటు పుట్టిస్తుంది. మామూలు కారులో బ్రేకుల దగ్గర వేడిగా మారి గాల్లో కలిసిపోయే శక్తి ఇక్కడ బ్యాటరీలోకి చేరుతుంది. అవసరమైతే ఇంజిన్ కూడా బ్యాటరీని నింపుతుంది. కారు కదిలేటప్పుడు, నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఆ కరెంటుతో మోటారు నడుస్తుంది, ఇంజిన్ ఆగిపోతుంది. పెట్రోలు ఇంజిన్ బాగా దండగ చేసేది సరిగ్గా అలాంటప్పుడే. సిగ్నల్ దగ్గర నిలబడినా, మొదటి గేరులో పాకినా తాగాల్సింది తాగుతూనే ఉంటుంది.

అయితే ఈ బ్యాటరీ చాలా చిన్నది. మా కారులో ఉన్నది ముప్పాతిక యూనిట్. ఇంట్లో టన్నున్నర ఏసీ అరగంట నడిస్తే అయిపోయేంత! నాలుగు కిలోమీటర్లు మోసే సత్తా దానికి ఉండదు. నిండటం, ఖాళీ అవడం, మళ్లీ నిండటం.. ఇదే దాని పని. అంటే దారిలో ఆగుతూ, నెమ్మదిస్తూ, మళ్లీ కదులుతూ ఉంటేనే దానికి చేతినిండా పని. హైవే మీద గంటసేపు ఒకే వేగంతో పోతుంటే బ్రేకు తొక్కేదెప్పుడు, కరెంటు పుట్టేదెప్పుడు? అక్కడ మోసేది ఇంజినే. బావమరిది సందేహానికి సగం జవాబు ఇదే.

జపాన్‌లో టయోటా ప్రియస్ 1997 డిసెంబరులో అమ్మకానికి వచ్చింది. మన దేశానికి హోండా సివిక్ హైబ్రిడ్ 2008లో, ప్రియస్ 2010లో వచ్చినా ధర చూసి జనం దూరంగానే ఉన్నారు. 2022లో హోండా సిటీ, మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ హైబ్రిడ్లు వచ్చాకే మధ్యతరగతి ఇళ్ల ముందు ఈ కార్లు కనిపించడం మొదలైంది.

ఏడు నిమిషాల ఖరీదు

చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు. ఫాస్టాగ్ వచ్చినా సంక్రాంతి ముందు ఇక్కడి వరస తప్పదు. హైదరాబాద్ సగం ఖాళీ అయి ఈ రోడ్డు మీదికే వచ్చిందా అనిపిస్తుంది. పది అడుగులు కదలడం, ఆగడం. చుట్టూ కార్లన్నీ గుర్రుగుర్రుమంటుంటే మాది మాత్రం నోరు మెదపకుండా పాకుతోంది. చలికాలం కాబట్టి ఏసీ ఆపేసి అద్దాలు దించాం. ముప్పావుగంటలో ఇంజిన్ మూడు నాలుగుసార్లు మాత్రమే లేచి, బ్యాటరీకి కాస్త పోసి మళ్లీ పడుకుంది. 'ఇదేంటే, బండి ఆగిపోయిందా?' అని అత్తయ్య రెండుసార్లు కంగారుపడింది. ఎండాకాలమైతే ఇంత బాగుండదు. ఇలాంటి కార్లలో ఏసీ కూడా ఆ చిన్న బ్యాటరీ మీదే నడుస్తుంది కాబట్టి ఇంజిన్ మాటిమాటికీ లేవాల్సిందే.

నార్కట్‌పల్లి దాటాక దారి తెరుచుకుంది. ఇక పరీక్ష మొదలు. సూర్యాపేట దాకా గంటకి 100 కిలోమీటర్ల వేగం. అక్కడ టీ తాగి, మీటరు సున్నా చేసి కోదాడ దాకా 80. ఒక్కోటీ దాదాపు 45 కిలోమీటర్లు. పాప పుస్తకంలో రాసిన అంకెలు ఇవీ.. 100 వేగంలో లీటరుకి 19, 80 వేగంలో లీటరుకి 24.

ఎందుకింత తేడా? గాలి! కారు పోయేదే గాల్లోంచి కదా. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డుపడే బలం అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. వేగం రెట్టింపయితే ఆ బలం నాలుగింతలు. 80 నుంచి 100కి పెంచితే పెరిగేది 20 కిలోమీటర్లే. గాలి అడ్డంకి మాత్రం యాభై శాతానికి పైగా పెరుగుతుంది. దాన్ని తోసుకుంటూ పోవడానికి ఇంజిన్ తాగాల్సిందే. హైబ్రిడ్ అయినా, ఇంకోటైనా గాలికి మినహాయింపు లేదు.

మరి లాభనష్టాలు? 100 వేగంతో ఆ 45 కిలోమీటర్లకి 27 నిమిషాలు పడుతుంది. 80 అయితే 34 నిమిషాలు. మిగిలింది అర లీటరు పెట్రోలు. లీటరు రూ. 110 అనుకుంటే 55 రూపాయలు. అంటే మనం ఏడు నిమిషాలు కొనుక్కోవడానికి 55 రూపాయలు పెడుతున్నామన్నమాట. తొందర ఉన్నవాళ్లకి అది పెద్ద ఖర్చేం కాదు. కానీ లెక్క తెలిసి ఖర్చు పెట్టడం వేరు కదా!

ఇంకో సంగతి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకి పైన ఉంది. విజయవాడ పాతిక మీటర్లయినా ఉండదు. రోడ్డు చదునుగా కనిపించినా 270 కిలోమీటర్లూ మెల్లగా దిగుతూనే ఉంటాం. అయిదుగురితో, సామానుతో ఉన్న కారుని అంత ఎత్తుకి తిరిగి ఎక్కించాలంటే ముప్పాతిక నుంచి ఒక లీటరు దాకా అదనంగా కావాలి. అందుకే పండక్కి వెళ్లేటప్పుడు వచ్చిన మైలేజీ చూసి మురిసిపోకూడదు. వచ్చేటప్పుడు కూడా రాసుకోవాలి.

మెట్ట దాటితే గోదారి

విజయవాడ, హనుమాన్ జంక్షన్, ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడివైపు తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా వెళ్లేది పాత అయిదో నంబరు హైవే. ఎడమవైపు దేవరపల్లి మీదుగా కొవ్వూరుకి వెళ్లేది కొత్త దారి. పాత దారి డెల్టా మీదుగా, కొత్త దారి మెట్ట మీదుగా సాగుతాయి. వెళ్లేటప్పుడు కొత్త దారి పట్టాం.

గోదావరి జిల్లాలంటే వరిచేలే గుర్తొస్తాయి. ఇక్కడ మాత్రం పామాయిల్ తోటలు, పొగాకు, మొక్కజొన్న. నేల ఎగుడుదిగుడు. ఇలాంటి దారిలో క్రూయిజ్ కంట్రోల్ పెట్టేసి కూర్చుంటే ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గకూడదని ఇంజిన్ గట్టిగా మూలుగుతుంది. దానికి బదులు ఎక్కేటప్పుడు వేగం నాలుగైదు కిలోమీటర్లు తగ్గినా పట్టించుకోకుండా, దిగేటప్పుడు దానంతటదే అందుకునేలా వదిలేస్తే పెట్రోలు కలిసొస్తుంది. లారీ డ్రైవర్లకి ఇది ఎప్పటినుంచో తెలుసు.

మొక్కజొన్న అంటే ఓ మాట. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆ ఇథనాల్ చెరకు నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి వస్తోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలుతో పోలిస్తే మూడో వంతు తక్కువ. ఆ లెక్కన 20 శాతం కలిపితే శక్తి ఆరేడు శాతం తగ్గినట్టు. పాత రోజుల మైలేజీతో పోల్చుకుని బాధపడేవాళ్లు ఈ సంగతి కూడా కలుపుకోవాలి.

కొవ్వూరు దగ్గర 2015లో వచ్చిన నాలుగో వంతెన ఎక్కితే కింద అఖండ గోదావరి. దిగువన 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, 1997 నాటి ఆర్చి వంతెన, 1900 నుంచి 1997 దాకా రైళ్లని మోసి రిటైరైన హేవలాక్ వంతెన. రాజమండ్రిలో ఆ రాత్రి ఆగాం. అప్పటిదాకా వచ్చిన సగటు 24కి కాస్త తక్కువ.

లాకుల దారిలో..

మర్నాడు భోగి. పొద్దున్నే ధవళేశ్వరం చేరాం. గోదావరి ఇక్కడే గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోతుంది. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ఆనకట్ట కట్టించింది ఇక్కడే. ఆ పాత ఆనకట్ట స్థానంలో తర్వాత కొత్త బ్యారేజీ వచ్చింది. దాని మీదుగా పిచ్చుకలంక దాటి బొబ్బర్లంక చేరితే కోనసీమ మొదలైనట్టే. అక్కడి నుంచి ఆత్రేయపురం, లొల్ల మీదుగా రావులపాలేనికి కాలవ గట్టు మీదే రోడ్డు.

ఒక పక్క నిండా పారే కాలవ. ఇంకో పక్క దాళ్వా నాట్లు పడుతున్న చేలు, వాటి వెనక కొబ్బరి చెట్లు. రోడ్డు సన్నం. మలుపు తిరిగితే ఎదురుగా గడ్డి ట్రాక్టరో, పాల క్యాన్ల మోటారు సైకిలో, గేదెల మందో. ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు. పరుగెడదామన్నా 50 దాటదు. సరిగ్గా హైబ్రిడ్ కోసమే వేసినట్టున్న రోడ్డు!

నెమ్మదిగా పోతాం కాబట్టి గాలి పేచీ పెట్టదు. నేల బల్లపరుపు, ఎక్కేదీ దిగేదీ ఉండదు. స్పీడ్ బ్రేకర్ కనిపించగానే వంద మీటర్ల ముందే కాలు తీసేస్తే కారు కరెంటు పుట్టించుకుంటూ నెమ్మదిస్తుంది. బ్రేకర్ దాటాక ఆ కరెంటుతోనే మళ్లీ అందుకుంటుంది. ఆత్రేయపురంలో పూతరేకులు కొనడానికి ఆగినప్పుడు పాప మీటరు చూసి కేకేసింది.. 'మామయ్యా, 29!' లొల్ల చేరేసరికి 30 దాటింది.

లొల్ల దగ్గర కాలవ పాయలుగా చీలి కోనసీమలోకి పోతుంది. ఇక్కడి లాకులు సినిమాల్లో చూసే ఉంటారు. టీ కొట్టు దగ్గర కూర్చున్న ఓ పెద్దాయన మా కారు చప్పుడు లేకుండా వచ్చి ఆగడం చూసి దగ్గరికొచ్చారు. 'కరెంటు బండేటండీ?' అని అడిగారు. సగం కరెంటు, సగం పెట్రోలు అని చెప్పాం. 'ఆయ్.. లీటరుకి ఎంతిత్తాదండీ?' ఇక్కడా అదే ప్రశ్న! ముప్ఫై అంటే కాసేపు ఆలోచించి నవ్వారు. 'మా చిన్నప్పుడు ఈ కాలవలో పడవలేనండీ. బస్తాలన్నీ పడవల మీదేనండి. గాలుంటే తెరచాపెత్తేవోరు. లేదంటే గట్టు మీద నడుత్తా తాడట్టుకు లాగేవోరు. పెట్రోలేటండీ, చుక్క నూనె అవసరం నేదండి.'

ఆయన మాటలో చాలా చరిత్ర ఉంది. ఈ కాలవల్ని పొలాలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా వీలుగా తీర్చిదిద్దారు. లాకులు అందుకే. నీటిమట్టం మారే చోట రెండు తలుపుల మధ్య పడవని నిలిపి, నీళ్లు వదిలో, నింపో పడవని మెట్టు దించుతారు, ఎక్కిస్తారు. దానికి కావాల్సిన బలమంతా నీళ్లదే. రైలు కంటే పడవే చవకని కాటన్ ఆ రోజుల్లోనే గట్టిగా వాదించారు. నీటి మీద తేలే బరువుని లాగడం చాలా తేలిక. మనుషులు తాడు పట్టుకుని బస్తాల పడవని లాక్కుపోగలిగారంటే అందుకే. రోడ్లొచ్చాయి, లారీలొచ్చాయి. పడవలు పోయాయి. మనం కారులో పోతున్న ఈ గట్ల మీదే ఒకప్పుడు వాళ్లు తాళ్లు పట్టుకుని నడిచారు. నెమ్మదిగా, చదునుగా, ఉన్న బలాన్ని వృథా చేయకుండా పోవడం.. హైబ్రిడ్ చేసే పని కూడా అదే కదా!

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. చప్పుడు లేని బండి ఊళ్లో ప్రమాదకరం. వెనక నుంచి కారొస్తున్న సంగతి ముసలివాళ్లకి, ఆడుకునే పిల్లలకి తెలియదు. కొన్ని కార్లు నెమ్మదిగా వెళ్లేటప్పుడు సన్నగా ఓ శబ్దం చేస్తాయి. కోళ్ల అరుపుల్లో, పండగ మైకుల్లో అది వినబడదు. మైలేజీ కోసం మీటరు చూస్తూ కూర్చోకుండా రోడ్డు మీద కన్నేసి, దూరం నుంచే చిన్నగా హారన్ కొట్టడం మేలు. నవంబరు, డిసెంబరుల్లో సార్వా, ఏప్రిల్, మేల్లో దాళ్వా ధాన్యం సగం రోడ్డు మీద ఆరబోసి ఉంటారు. అప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇక్కడి మంట.. మన ట్యాంకులో

కొత్తపేట, అంబాజీపేట మీదుగా అమలాపురం చేరాం. అక్కడి నుంచి బోడసకుర్రు దగ్గర వైనతేయ పాయ దాటగానే పాశర్లపూడి. పచ్చటి కొబ్బరితోటలు తప్ప ఇంకేం కనిపించవు. అత్తయ్య మాత్రం అద్దంలోంచి బయటికి చూస్తూ, 'ఆ అగ్గి మా ఊరి డాబా మీంచి కూడా కనపడేదమ్మా. రాత్రిళ్లు ఆకాశమంతా ఎర్రగా ఉండేది' అంది పాపతో.

1995 జనవరి 8న ఇక్కడ ఓఎన్జీసీ తవ్వుతున్న బావి బద్దలై గ్యాసు ఎగదన్నింది. అంటుకున్న మంట 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇళ్లొదిలి పోవాల్సి వచ్చింది. ఇంకాస్త ముందుకెళ్తే నగరం. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఈ ఊళ్లో గెయిల్ గ్యాసు పైపులైను పేలి ఇళ్లూ, కొబ్బరిచెట్లూ, మనుషులూ కాలిపోయారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. చాలామంది నిద్రలోనే మంటల్లో చిక్కుకున్నారు.

నగరం పక్కనే తాటిపాక. అక్కడ ఓఎన్జీసీ చిన్న రిఫైనరీ ఉంది. 2001లో మొదలైంది. దేశంలోని అతి చిన్న రిఫైనరీల్లో అదొకటి. ఇక్కడి నేలలోంచి తీసిన చమురు ఇక్కడే శుద్ధవుతుంది. ఈ ఊళ్లవాళ్లకి పెట్రోలు, గ్యాసు అంటే బంకులోనో, సిలిండర్‌లోనో దొరికే సరుకు కాదు. తమ కాళ్ల కింద, తమ పొలాల కింద ఉన్నది.

సూర్యాపేట, కోదాడల మధ్య మిగిలిన అర లీటరుని మేం 55 రూపాయలని లెక్కేశాం. ఆ లెక్క తప్పేం కాదు. కానీ నగరం ఊరి మీదుగా వెళ్తున్నప్పుడు ఆ అంకె చాలా చిన్నదిగా కనిపించింది. ఇంధనం ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి ఊరి పక్కన నేల తొలిస్తేనే వస్తుంది. దాని అసలు ఖర్చులో కొంత వాళ్లు కడుతున్నారు. ఆ మాట పాపకి చెప్పాం. అది పుస్తకంలో అంకెల పక్కన 'నగరం, 2014' అని రాసుకుంది.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేది ఇక్కడే. అంతకుముందే మలికిపురంలో మళ్లీ ట్యాంకు నింపించాం. మొత్తం 548 కిలోమీటర్లకి పట్టింది 21.9 లీటర్లు. అంటే లీటరుకి 25. తెర మీద మీటరు మాత్రం 26.3 చూపిస్తోంది! చాలా కార్లలో మీటరు కాస్త ఉదారంగానే చెబుతుంది. ట్యాంకు నింపి, మళ్లీ నింపి చూసుకున్న లెక్కే అసలు లెక్క.

తిరుగు దారి

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాం. పదకొండు ఊళ్ల ప్రభలు జనం భుజాల మీద వస్తాయి. గంగలకుర్రు ప్రభలైతే కౌశిక కాలవలోకి దిగి, నీళ్లలోంచే ఈ ఒడ్డుకి చేరతాయి. ఆ బరువుతో, ఆ నీళ్లలో ఒక్క అడుగు తప్పకుండా రావడం చూసి తీరాలి. కారు మాత్రం అంబాజీపేటలోనే వదిలేయడం మంచిది. ఆ రోజు ఆ రోడ్ల మీద నడకే వేగం.

ముక్కనుమ మర్నాడు తిరుగు ప్రయాణం. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగకుండా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురంలో దిగాం. కారు, మనుషులు, మోటారు సైకిళ్లు, కొబ్బరి బస్తాలు అన్నీ ఒకే పంటు మీద. ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి కూర్చుంటే కారు పెట్రోలు చుక్క కదలకుండానే వశిష్ఠ దాటేసింది. నదికి వరదొస్తే పంటు ఆపేస్తారు కాబట్టి ముందు కనుక్కుని వెళ్లాలి. అక్కడి నుంచి పాలకొల్లు, భీమవరం, తాడేపల్లిగూడెం. భీమవరం దాకా మళ్లీ అదే నెమ్మది, అదే ముప్ఫై.

విజయవాడ దాటాక ఆఫీసు తొందర మొదలైంది. 100 వేగం, ఎదురుగా ఎత్తు. డిక్కీలో బియ్యం బస్తా, కొబ్బరికాయలు, అరిసెల డబ్బాలు. ఎల్బీనగర్‌లో నింపిస్తే 530 కిలోమీటర్లకి 24.6 లీటర్లు పట్టింది. లీటరుకి 21.5. అదే కారు, అదే డ్రైవరు, అంతే దూరం. దారి, వేగం మారేసరికి లీటరుకి మూడున్నర కిలోమీటర్ల తేడా!

ఇవి పాటించి చూడండి

* హైవే మీద 80, 90 మధ్య ఒకే తీరున పొండి. మైలేజీకి ఇంతకు మించిన మందు లేదు. ఊరికే ఓవర్‌టేక్ చేసి మళ్లీ బ్రేకు తొక్కితే పోయిన దాంట్లో కొంతే తిరిగొస్తుంది. అంతా రాదు.

* బ్రేకు ముందుగా, మెత్తగా తొక్కండి. గట్టిగా తొక్కితే మామూలు బ్రేకులే పనిచేస్తాయి, శక్తి వేడిగా పోతుంది. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఆలోచించకుండా గట్టిగానే తొక్కాలి.

* టైర్లలో గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించండి. డ్రైవరు తలుపు దగ్గర అతికించిన పట్టీ మీద నిండా మనుషులు, సామాను ఉన్నప్పుడు ఎంతుండాలో రాసి ఉంటుంది.

* పైన క్యారియర్ మీద సామాను కడితే గాలికి ఇంకో గోడ కట్టినట్టే. వీలైనంత డిక్కీలో సర్దండి.

* చాలా హైబ్రిడ్లలో బ్యాటరీకి చల్లగాలి అందే జాలీ వెనక సీటు దగ్గర ఉంటుంది. సంచులు, దుప్పట్లు దానికి అడ్డం పెట్టకండి.

* నెమ్మదిగా వెళ్లేటప్పుడు అద్దాలు దించుకోండి. హైవే మీద అద్దాలు ఎత్తి ఏసీ వేసుకోవడమే నయం.

* ఘాట్‌రోడ్డు దిగేటప్పుడు బ్యాటరీ తొందరగా నిండిపోతుంది. ఆపైన కరెంటు దాచుకునే చోటుండదు. గేరుమీట దగ్గర 'బి' అని ఉంటే అందులో వేయండి. ఇంజినే కారుని పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు.

కొనాలా.. వద్దా?

ఇంత చెప్పాక అందరికీ వచ్చే ప్రశ్న ఇది. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. మామూలు పెట్రోలు కారు లీటరుకి 15 ఇస్తే 800 లీటర్లు కావాలి. హైబ్రిడ్ 22 ఇస్తే 545 చాలు. మిగిలే 255 లీటర్లు ఏడాదికి రూ. 28 వేలు. హైబ్రిడ్ కోసం అదనంగా పెట్టింది రెండు లక్షలైతే అది తిరిగి రావడానికి ఏడేళ్లు పడుతుంది. తిరుగుడంతా హైవే మీదే, అదీ వందకి తగ్గకుండా అయితే తేడా ఇంకా తగ్గుతుంది, ఆ ఏడేళ్లు పదేళ్లవుతాయి. రోజూ ట్రాఫిక్‌లో నలిగేవాళ్లకీ, రావులపాలెం, అమలాపురం, భీమవరం లాంటి ఊళ్ల మధ్య తిరిగేవాళ్లకీ ముందే తిరిగొస్తుంది. కాబట్టి షోరూములో అంకె అడిగేముందు మీ దారేదో చూసుకోండి.

కారు ఏదైనా కోనసీమ చూడాలంటే సంక్రాంతి నుంచి మాఘం దాకా మంచి కాలం. మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం జరుగుతుంది. ఎండ ముదరదు, కాలవలు నిండుగా ఉంటాయి. రాజమండ్రి నుంచి అంతర్వేదికి వంద కిలోమీటర్ల పైచిలుకు. మ్యాపు చూసి రెండున్నర గంటలని తొందరపడి బయల్దేరకండి. పొద్దున్నే ధవళేశ్వరంలో మొదలుపెట్టి, లొల్లలో టీ, అంబాజీపేటలో కొబ్బరిబోండాం, సాయంత్రానికి సముద్రం అనుకుని పెట్టుకోండి. పెట్రోలు దానంతటదే ఆదా అవుతుంది.